వీడియో ప్లే కావడం లేదా? ఎక్కడ ఆగిందో కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటి స్ట్రీమింగ్ యాప్‌లో ప్లే నొక్కితే చక్రం గిర్రున తిరుగుతూ ఉండిపోతుంది. లేదంటే తెర నల్లగా ఉండి మాటలు మాత్రం వినిపిస్తాయి. లేదంటే ‘ఈ వీడియో మీకు అందుబాటులో లేదు’ అని ఒక్క ముక్క చూపించి ఊరుకుంటుంది. ఇలాంటప్పుడు చాలామంది యాప్ తీసేసి మళ్లీ వేస్తారు. అదీ కుదరకపోతే విసుగొచ్చి పరికరాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తారు. దయచేసి ఆ పని అన్నిటికన్నా చివరికి ఉంచండి.

ఎందుకు చెబుతున్నానంటే, 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్ పరికరాలు (టీవీకి పెట్టుకుని ఫోన్ నుంచి వీడియో పంపుకునే గూగుల్ వస్తువులు) ఒక్కసారిగా, అన్ని చోట్లా, పనిచేయడం మానేశాయి. అవి నమ్మదగినవేనని నిర్ధారించే డిజిటల్ సర్టిఫికెట్ గడువు ముగిసిపోయింది. వాడేవాళ్ల తప్పు ఏమీ లేదు. అప్పుడు గూగుల్ ఇచ్చిన మొదటి సలహా ‘ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి’ అనే. ఊరికే వదిలేసిన వాళ్లకు కొద్ది రోజుల్లో అప్‌డేట్ వచ్చి పరికరం మామూలుగా పనిచేసింది. తొందరపడి రీసెట్ కొట్టినవాళ్లు మళ్లీ సెటప్ చేసుకోలేక ఇంకొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది. సమస్య ఎక్కడుందో తెలియకుండా మందు వేస్తే ఇలాగే అవుతుంది.

కాబట్టి ముందు ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. అది అంత కష్టం కాదు.

## ప్లే నొక్కాక లోపల జరిగేది

మీరు ప్లే నొక్కగానే యాప్ వరుసగా కొన్ని పనులు చేస్తుంది. ముందు మీరెవరో సర్వర్‌కు చెబుతుంది. మీ ప్లాన్‌లో ఈ వీడియో ఉందా, మీరున్న దేశంలో దీన్ని చూపించే హక్కు ఆ సంస్థకు ఉందా, ఇప్పటికే మీ అకౌంట్‌తో ఎంతమంది చూస్తున్నారు అని సర్వర్ సరిచూసుకుంటుంది. అన్నీ కుదిరితే వీడియో ముక్కలు ఎక్కడెక్కడ దొరుకుతాయో రాసిన జాబితా పంపిస్తుంది. ఆ ముక్కలు తాళం వేసి ఉంటాయి. వాటిని తెరిచే తాళంచెవి కోసం యాప్ విడిగా ఇంకో సర్వర్‌ను అడగాలి. దీన్నే డీఆర్‌ఎం లైసెన్స్ అంటారు. డీఆర్‌ఎం అంటే వీడియోను ఎవరూ కాపీ చేయకుండా కాపాడే ఈ తాళం పద్ధతే. ఆ తర్వాతే మీకు దగ్గర్లో ఉన్న సర్వర్ నుంచి కొన్ని సెకన్ల నిడివి ఉన్న ముక్కలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆఖరున పరికరం వాటిని విప్పి తెరకు పంపుతుంది. ఆ తెర కూడా నమ్మదగినదేనా అని అక్కడ ఇంకో తనిఖీ ఉంటుంది.

ఈ వరుస గుర్తుంటే లక్షణం చూడగానే సగం విషయం తెలిసిపోతుంది. లాగిన్ దగ్గరే ఆగితే అకౌంట్ సంగతి. పోస్టర్లన్నీ చక్కగా కనిపిస్తూ, ఏది నొక్కినా వెంటనే ఎర్రర్ వస్తుంటే నెట్ బాగానే ఉన్నట్టు, ఇబ్బంది హక్కుల దగ్గరో డీఆర్‌ఎం దగ్గరో ఉన్నట్టు. మొదలై, కాసేపు ఆడి, మధ్యలో ఆగుతుంటే నెట్. సౌండ్ వస్తూ బొమ్మ రాకపోతే దాదాపుగా తెర దగ్గరి తనిఖీయే. ఆడుతోంది కానీ మసకగా ఉందంటే నెట్‌ను తిట్టుకునే ముందు ప్లాన్‌నూ, పరికరం డీఆర్‌ఎం స్థాయినీ చూడాలి.

## ఏమీ ముట్టుకోకముందు

తెర మీద కనిపించిన ఎర్రర్ కోడ్‌ను అక్షరం పొల్లు పోకుండా రాసిపెట్టుకోండి. ఇంకో ఫోన్‌తో ఫోటో తీయడం మేలు. అదే పరికరంలో స్క్రీన్‌షాట్ తీస్తే, రక్షణ ఉన్న వీడియో కాబట్టి నల్లగా రావచ్చు. ఏ టైటిల్, ఏ పరికరం, ఎన్ని గంటలకు అన్నది కూడా రాసుకోండి. రేపు కస్టమర్ కేర్‌తో మాట్లాడాల్సి వస్తే ఈ నాలుగు వివరాలే మీకు అరగంట ఆదా చేస్తాయి.

## మూడు మార్పిడులు

ఈ మొత్తంలో ఇంతకు మించి పనికొచ్చే పరీక్ష లేదు. ఒకసారికి ఒక్కటి మాత్రమే మార్చి చూడాలి. రెండు కలిపి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

మొదట టైటిల్ మార్చండి. అదే యాప్‌లో ఇంకో సినిమా, అందులోనూ ఆ సంస్థ సొంతంగా తీసిన సిరీస్ ఏదైనా పెట్టి చూడండి. సొంత నిర్మాణాలకు దేశాల వారీ హక్కుల చిక్కు తక్కువ. అది ఆడి, మీరు అడిగింది మాత్రమే ఆడకపోతే మీ వైపు లోపం ఏమీ లేనట్టే. ఆ టైటిల్ హక్కుల గడువు అయిపోయి ఉండవచ్చు, లేదా ఆ ఫైల్‌లోనే ఏదో తేడా ఉండవచ్చు. రౌటర్ జోలికి వెళ్లకండి.

తర్వాత పరికరం మార్చండి. టీవీలో రాకపోతే, అదే వైఫై మీద, అదే అకౌంట్‌తో ఫోన్‌లో చూడండి. ఫోన్‌లో వస్తే తప్పు టీవీది.

చివరిగా నెట్ మార్చండి. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, టీవీని దానికి కలిపి రెండు నిమిషాలు ఆడించి చూడండి. ఎక్కువసేపు వద్దు. నెట్‌ఫ్లిక్స్ లెక్కలోనే హెచ్‌డీ వీడియోకు గంటకు 3 జీబీ దాకా, 4కేకు 7 జీబీ దాకా డేటా అవుతుంది. హాట్‌స్పాట్ మీద ఆడిందంటే ఇంటి నెట్‌లోనో రౌటర్ సెట్టింగుల్లోనో తేడా ఉన్నట్టు.

మూడూ మార్చినా ఎక్కడా ఆడకపోతే మిగిలేవి రెండే: మీ అకౌంట్, లేదా సర్వీసే పడిపోవడం. సర్వీస్ పడిపోయిందేమో ఆ సంస్థ స్టేటస్ పేజీలోనో, సోషల్ మీడియాలోనో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. బ్రౌజర్‌లో 503 అని కనిపించినా సాధారణంగా సర్వర్ మీద భారం పడిందనో, మరమ్మతు జరుగుతోందనో అర్థం. అలాంటప్పుడు మీరు చేయగలిగింది ఏమీ లేదు, కాసేపు ఆగడమే.

## అకౌంట్ దగ్గర చిక్కులు

డబ్బు కట్టినా ‘సబ్‌స్క్రయిబ్ చేయండి’ అని అడుగుతుంటే టెన్షన్ పడటం సహజం. చాలాసార్లు డబ్బు ఎక్కడికీ పోదు. మీరు వేరే అకౌంట్‌లో ఉంటారు, అంతే.

ఇది ఎలా జరుగుతుందో వివరంగా చూద్దాం. మొదటిసారి ఫోన్ నంబర్‌తో లాగిన్ అయి ప్లాన్ కొన్నారు. కొన్ని నెలల తర్వాత కొత్త టీవీలో అదే యాప్ తెరిచి, సులువుగా ఉందని ‘గూగుల్‌తో కొనసాగించు’ నొక్కారు. చాలా సర్వీసులు ఈ రెండింటినీ ఒకే మనిషి అనుకోవు, మీ ఈమెయిల్ మీద నిశ్శబ్దంగా కొత్త ఖాళీ అకౌంట్ తెరుస్తాయి. చూసిన చరిత్ర లేకపోవడం, ‘చూస్తూ ఆపినవి’ వరుస మాయమవడం, ప్రొఫైల్ బొమ్మ మారిపోవడం దీని గుర్తులు. అప్పుడు ప్లాన్ కొన్ననాటి రసీదు ఏ ఈమెయిల్‌కు, ఏ నంబర్‌కు వచ్చిందో వెతికి సరిగ్గా దానితోనే లాగిన్ అవ్వండి.

ప్లాన్ ఎవరి ద్వారా కొన్నారన్నది కూడా ముఖ్యమే. నేరుగా వెబ్‌సైట్‌లో కొంటే అక్కడే సరిచేసుకోవచ్చు. ఫోన్ యాప్ స్టోర్ ద్వారా కొంటే బిల్లింగ్ మొత్తం ఆ స్టోర్ చేతిలో ఉంటుంది. మొబైల్ లేదా బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌తో కలిపి వచ్చిందైతే ముందు యాక్టివేషన్ లింకు నొక్కి రెండు అకౌంట్లనూ కలపాలి. ఆ ఒక్క పని మర్చిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. కార్డు గడువు తీరడం వల్ల రెన్యువల్ ఆగిపోయినా యాప్ ఆ మాట స్పష్టంగా చెప్పకపోవచ్చు. కాబట్టి బ్రౌజర్‌లో అకౌంట్ పేజీ తెరిచి ‘తర్వాతి బిల్లింగ్ తేదీ’ ఉందో లేదో చూడండి. తేదీ కనిపిస్తే ప్లాన్ బతికి ఉన్నట్టే.

ప్రొఫైల్‌ను కూడా చూడటం మర్చిపోకండి. పిల్లల ప్రొఫైల్‌లో ఉంటే పెద్దల సినిమాలు వెతికినా కనిపించవు. మామూలు ప్రొఫైల్‌కే ఎవరైనా వయసు పరిమితి పెట్టి ఉన్నా అంతే.

ఇంకో మాట. కొన్ని సర్వీసుల్లో ప్లాన్ ఉన్నంత మాత్రాన అన్నీ వస్తాయనుకోకూడదు. ప్రైమ్ వీడియోలో సభ్యత్వంతో వచ్చేవి, అద్దెకు తీసుకోవాల్సినవి, విడిగా ఛానల్ చందా కట్టాల్సినవి పక్కపక్కనే ఉంటాయి. పోస్టర్ మీద ఉన్న చిన్న గుర్తు చూడకపోతే తేడా తెలియదు.

## ‘చాలామంది చూస్తున్నారు’

ప్లాన్‌ను బట్టి ఒకేసారి ఒకటో, రెండో, నాలుగో తెరల మీద చూడనిస్తారు. ఇంట్లో ఎవరూ చూడకపోయినా ఈ సందేశం వస్తే, టీవీ రిమోట్‌తో ఆపిన సెషన్ సర్వర్ లెక్కలో ఇంకా ముగియకపోయి ఉండవచ్చు. కొన్ని నిమిషాలు ఆగి చూడండి. అప్పటికీ పోకపోతే అకౌంట్ పేజీలో ‘పరికరాలు’ అన్న చోట జాబితా తెరవండి. మీకు తెలియని పరికరం, తెలియని ఊరు కనిపిస్తే ముందు పాస్‌వర్డ్ మార్చి, ఆ తర్వాత అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. ఈ వరుస ముఖ్యం. పాత పాస్‌వర్డ్ ఉండగానే లాగౌట్ చేస్తే అవతలివాళ్లు మళ్లీ లోపలికి వచ్చేస్తారు.

నెట్‌ఫ్లిక్స్ 2023లో పాస్‌వర్డ్ పంచుకోవడం మీద పట్టు బిగించినప్పటి నుంచి ‘ఈ టీవీ మీ హౌస్‌హోల్డ్‌లో భాగం కాదు’ అన్న సందేశం ఎక్కువమందికి ఎదురవుతోంది. ఇల్లు మారినా, ఇంటర్నెట్ కంపెనీ మారినా న్యాయంగా వాడుకునే వాళ్లకు కూడా ఇది రావచ్చు. టీవీలోనే ‘హౌస్‌హోల్డ్ అప్‌డేట్’ ఎంచుకుంటే అకౌంట్ ఈమెయిల్‌కు గానీ ఫోన్‌కు గానీ లింకు వస్తుంది. ప్రయాణంలో ఉంటే తాత్కాలిక కోడ్ అడగవచ్చు. ఆ కోడ్ 15 నిమిషాలే పనిచేస్తుంది కాబట్టి ఈమెయిల్ చేతిలో పెట్టుకుని అడగండి.

## ఉన్న చోటును బట్టి వచ్చే అడ్డంకి

సినిమా హక్కులు దేశాల వారీగా అమ్ముడవుతాయి. అందుకే ఒక చోట కనిపించింది సరిహద్దు దాటగానే కనిపించదు. ఇది లోపం కాదు, ఒప్పందం. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం 2018 ఏప్రిల్ నుంచి ఒక నియమం అమల్లో ఉంది. అక్కడి ఒక సభ్యదేశంలో డబ్బు కట్టిన చందాదారు తాత్కాలికంగా ఇంకో సభ్యదేశానికి వెళ్తే సొంత దేశపు జాబితానే చూపించాలి.

అసలు బాధ ఎక్కడంటే, సొంత ఇంట్లో కూర్చున్నవాళ్లకు ‘మీరు ప్రాక్సీ వాడుతున్నారు’ అని, అంటే మీరున్న చోటు దాచి ఇంకో చోటి నుంచి చూస్తున్నారని, రావడం. నెట్‌ఫ్లిక్స్‌లో ఇది ఎం7111 అంకెలతో మొదలై 5059తో ముగిసే కోడ్. డిస్నీ ప్లస్‌లో ఎర్రర్ 73. ముందు ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ, రౌటర్‌లోనూ వీపీఎన్ (అలా చోటును దాచే సేవ) ఆగి ఉందో లేదో చూడండి. కొన్ని యాంటీవైరస్‌లు తమతో పాటు వీపీఎన్‌ను పెట్టేసి దానంతట అదే ఆన్ అయ్యేలా చేసి ఉంచుతాయి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలోనూ దాగి ఉండవచ్చు. ఐఫోన్, మ్యాక్ వాడేవాళ్లు తమ ఇంటర్నెట్ చిరునామాను దాచే ఐక్లౌడ్ ప్రైవేట్ రిలేను కాసేపు ఆపి చూడాలి. ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ చిరునామాలు) కోసం టన్నెల్ సేవ, అంటే డేటాను ఇంకొకరి సర్వర్ గుండా పంపే సేవ, వాడుకునేవాళ్లకు 2016లోనే నెట్‌ఫ్లిక్స్ తలుపు మూసేసింది. అలాంటి టన్నెల్ ఉంటే ఆపేయండి.

ఇవేవీ లేకున్నా ఎర్రర్ వస్తోందంటే మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే ఐపీ చిరునామాను (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే అంకెలు) చాలామందికి పంచుతూ ఉండవచ్చు. అందులో ఎవరో చేసిన పనికి ఆ చిరునామా మొత్తం అనుమానితుల జాబితాలోకి ఎక్కుతుంది. రౌటర్‌ను కాసేపు ఆపి పెడితే కొత్త చిరునామా రావచ్చు. రాకపోతే ఇంటర్నెట్ కంపెనీకే ఫిర్యాదు చేయాలి. స్ట్రీమింగ్ సంస్థ వాళ్లు కూడా ఆ మాటే చెబుతారు.

## మొదలై ఆగిపోతుంటే

నెట్‌ఫ్లిక్స్ చెప్పే కనీస వేగాలు ఇవి: 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకు 15. చూడండి, ఎంత తక్కువో! వంద ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఇంట్లో బఫరింగ్ వస్తోందంటే తప్పు ప్లాన్‌ది కాదు. అంత వేగం టీవీ దాకా చేరడం లేదన్నమాట. ఫోన్ చేతిలో పట్టుకుని రౌటర్ పక్కన నిలబడి చేసే స్పీడ్ టెస్ట్ వల్ల ఉపయోగం లేదు. టీవీలోనే బ్రౌజర్ ఉంటే అందులో టెస్ట్ చేయండి. నెట్‌ఫ్లిక్స్ నడిపే ఫాస్ట్ డాట్ కామ్ ఆ సంస్థ సర్వర్ల నుంచే కొలుస్తుంది కాబట్టి అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు దాటుతుంది కానీ ఇరుగుపొరుగు రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ అక్కడే రద్దీ పెంచుతాయి. టీవీ, రౌటర్ ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. కుదిరితే లాన్ కేబుల్ వేయండి, దానికి సాటి ఏదీ లేదు. చాలా టీవీల్లో లాన్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్‌కే పరిమితమైనా 4కేకు అది ఎక్కువే.

రౌటర్ రీస్టార్ట్ అంటే బటన్ నొక్కి వెంటనే వదలడం కాదు. ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. దీపాలన్నీ స్థిరపడ్డాకే టీవీ ఆన్ చేయండి. టీవీకి కూడా ఇదే. రిమోట్‌తో ఆపితే అది నిద్రపోతుందే తప్ప నిజంగా ఆగదు. గోడ దగ్గర ప్లగ్ తీయాలి.

యాప్ తెరుచుకుంటోంది, పోస్టర్లు సగమే వస్తున్నాయి, కొన్ని వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవడం లేదంటే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరు చెబితే దాని అంకెల చిరునామా వెతికిపెట్టే సేవ) మీద అనుమానం పడాలి. నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్‌ను 1.1.1.1 లేదా 8.8.8.8గా మార్చి చూడవచ్చు. తేడా లేకపోతే పాతదే పెట్టేయండి. డీఎన్‌ఎస్ మారితే ఒక్కోసారి దగ్గరి సర్వర్ బదులు దూరపు సర్వర్ తగులుతుంది. ప్రకటనలను అడ్డుకునే డీఎన్‌ఎస్ పెట్టుకుని ఉంటే, ప్రకటనలతో వచ్చే ప్లాన్‌లో వీడియో అసలు మొదలే కాకపోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ సెట్టింగ్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయినవి ఇలా ఏడిపిస్తాయి.

## గడియారం తప్పితే

పరికరంలో తేదీ తప్పుగా ఉంటే సురక్షిత కనెక్షన్ కుదరదు. సర్టిఫికెట్లన్నిటికీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. టీవీ తాను ఇంకా తయారైన ఏడాదిలోనే ఉన్నాననుకుంటే ఈనాటి సర్టిఫికెట్ దానికి చెల్లనిదిగా కనిపిస్తుంది. సెట్టింగుల్లో తేదీ, సమయం ‘ఆటోమేటిక్’లో ఉందో, టైమ్ జోన్ సరైనదో కాదో చూడండి. పది సెకన్ల పని, కానీ దీన్ని చూడకుండా గంటలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

తేదీ సరిగ్గానే ఉండి, పాత పరికరంలో అన్ని యాప్‌లూ ఒక్కసారే మొరాయిస్తే, దానిలోని మూల సర్టిఫికెట్ల (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనవి) గడువే తీరి ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే అదే మందు. లేకపోతే ఆ టీవీకి చిన్న స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోవడమే తెలివైన పని. నెట్‌ఫ్లిక్స్ 2019 డిసెంబర్‌లో 2010, 2011 నాటి కొన్ని శామ్‌సంగ్ టీవీలకు మద్దతు ఆపేసింది. తెర బాగానే ఉన్నా లోపలి యాప్ ముసలిదైపోతుంది. తెర కోసం కొత్త టీవీ కొనాల్సిన అవసరం లేదు.

## సౌండ్ ఉంది, బొమ్మ లేదు

దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. ఎందుకంటే పరికరం పాడైందని పొరపడి డబ్బు వదిలించుకునేది ఇక్కడే.

హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా వెళ్లే వీడియోకు హెచ్‌డీసీపీ అనే రక్షణ ఉంటుంది. పంపే పరికరం, చూపే తెర, మధ్యలో ఉన్న ప్రతి వస్తువూ ఒకదాన్ని ఒకటి గుర్తించాలి. 4కే వీడియోకు సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 కావాలి. మధ్యలో ఒక్క పాత వస్తువు ఉన్నా నల్ల తెరో, మంచు కురిసినట్టు చుక్కలో, లేదా తక్కువ నాణ్యతో వస్తుంది. యాప్ మెనూలు, మీ ఫోటోలు, సొంత వీడియోలు మాత్రం చక్కగా కనిపిస్తాయి, వాటికి ఆ రక్షణ లేదు కాబట్టి.

స్ట్రీమింగ్ పెట్టె నుంచి వచ్చే కేబుల్‌ను పట్టుకుని చేత్తో తడుముతూ వెళ్లండి. అది సౌండ్‌బార్‌లోకి వెళ్తోందా? స్ప్లిటర్‌లోకా? స్విచ్‌లోకా? అన్నీ తీసేసి పెట్టెను నేరుగా టీవీకి పెట్టండి. బొమ్మ వచ్చిందా, తీసిన వస్తువుల్లోనే తప్పు ఉంది. రాలేదా, టీవీ వెనక ఇంకో హెచ్‌డీఎంఐ పోర్టుకు మార్చండి. కొన్ని టీవీల్లో అన్ని పోర్టులూ 2.2ను ఒప్పుకోవు, పోర్టు పక్కన ముద్ర చూస్తే తెలుస్తుంది. అప్పటికీ రాకపోతే కేబుల్ మార్చండి. తర్వాత రెండింటి ప్లగ్‌లూ తీసి, ముందు టీవీ, తర్వాత పెట్టె ఆన్ చేయండి. ఒకదాన్ని ఒకటి కొత్తగా పలకరించుకుంటాయి.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు ఇంకొన్ని కారణాలు ఉంటాయి. వీజీఏ (పాత రకం తెర కనెక్షన్) కన్వర్టర్‌లో హెచ్‌డీసీపీ ఉండదు. మ్యాక్‌లో డిస్‌ప్లేలింక్ డాక్ (యూఎస్‌బీ ద్వారా అదనపు తెరను కలిపే పెట్టె) ద్వారా కలిపిన మానిటర్ మీద రక్షణ ఉన్న వీడియో నల్లగానే వస్తుంది, ఎందుకంటే ఆ డాక్ పనిచేసేదే స్క్రీన్ రికార్డింగ్ పద్ధతిలో. స్క్రీన్ రికార్డర్, రిమోట్ డెస్క్‌టాప్, మీటింగ్‌లో స్క్రీన్ షేర్ ఏది నడుస్తున్నా ఇదే ఫలితం రావచ్చు. ఇది కావాలని పెట్టిన అడ్డు. సరిచేయాల్సిన లోపం కాదు.

## బ్రౌజర్‌లో చూసేవాళ్లకు

ముందు ఇన్‌కాగ్నిటో విండోలో లాగిన్ అయి చూడండి. అక్కడ పాత కుకీలు ఉండవు, ఎక్స్‌టెన్షన్లు మామూలుగా ఆగి ఉంటాయి. అక్కడ ఆడితే మామూలు విండోలో ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటే ఆపుతూ దోషిని పట్టుకోండి. ప్రకటనలు ఆపేవాటితో మొదలుపెట్టండి. అవి కాదంటే ఆ ఒక్క సైట్ కుకీలు తుడిస్తే చాలు, బ్రౌజర్ చరిత్ర మొత్తం తుడవక్కర్లేదు.

నెట్‌ఫ్లిక్స్‌లో ఎం7701-1003 వస్తే క్రోమ్‌లో వైడ్‌వైన్ అనే డీఆర్‌ఎం భాగం పాడైందని లేదా లేదని అర్థం. అడ్రస్ బార్‌లో క్రోమ్ పేరు, ఒక కోలన్, రెండు వాలు గీతలు, ఆ వెంటనే కాంపోనెంట్స్ అన్న మాట టైప్ చేస్తే ఒక జాబితా వస్తుంది. అందులో వైడ్‌వైన్ పేరున్న చోట అప్‌డేట్ బటన్ నొక్కి, బ్రౌజర్ మూసి తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే సెట్టింగుల్లో డీఆర్‌ఎం కంటెంట్‌ను ప్లే చేయనిచ్చే టిక్ పెట్టి ఉందో లేదో చూడండి. ఆకుపచ్చ తెర, చీలిన బొమ్మ కనిపిస్తుంటే బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం) ఆపి చూడండి. అది ఆపితే బాగవుతోందంటే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయాల్సిన సమయం వచ్చినట్టు.

## ఆడుతోంది కానీ మసకగా ఉంది

ఆండ్రాయిడ్ పరికరాల్లో వైడ్‌వైన్‌కు ఎల్1, ఎల్2, ఎల్3 అని స్థాయిలు ఉంటాయి. ఎల్1లో తాళం తీసే పని చిప్‌లోని సురక్షిత భాగంలో జరుగుతుంది. ఎల్3లో అంతా సాఫ్ట్‌వేరే కాబట్టి సంస్థలు నమ్మవు, సాధారణంగా 480పీ దగ్గరే ఆపేస్తాయి. డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్‌తో మీ ఫోన్ స్థాయి తెలుసుకోవచ్చు. ఎల్3 అని వస్తే ఎంత వేగం నెట్ వేయించుకున్నా బొమ్మ తేటపడదు. ఫోన్ రూట్ చేసినా, బూట్‌లోడర్ తెరిచినా (అంటే తయారీదారు పెట్టిన తాళాలు తీసేసినా) ఎల్1 నుంచి ఎల్3కి పడిపోవచ్చు. ఆ ఇబ్బంది తెలిసే చేయండి. స్థాయి ఎల్1 ఉన్నా మసకగా ఉంటే మీ ప్లాన్‌లో అసలు హెచ్‌డీ ఉందా, యాప్‌లో డేటా సేవర్ ఆన్ అయి ఉందా అని చూడండి.

## కాస్టింగ్, డౌన్‌లోడ్లు

ఫోన్‌లోని వీడియోను టీవీకి పంపడమే కాస్టింగ్. అందుకు ఫోన్‌లో టీవీ పేరు కనిపించకపోతే రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్ అయితే పరికరాలు ఒకదాన్ని ఒకటి చూడనివ్వదు. డౌన్‌లోడ్ చేసుకున్నవాటికీ గడువు ఉంటుంది. కొన్ని టైటిళ్లు చూడటం మొదలుపెట్టిన 48 గంటల్లో ముగుస్తాయి. ప్రయాణానికి బయల్దేరే ముందు నెట్ ఉండగానే యాప్ తెరిచి గడువు పొడిగించుకోండి.

## తుడవడం ఏ వరుసలో

ఇంతవరకూ వచ్చాక కూడా టీవీ ఒక్కటే మొరాయిస్తుంటే, నష్టం తక్కువ ఉన్న పని నుంచి మొదలుపెట్టండి. యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేయండి. తర్వాత క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు) తుడవండి, దీనితో ఏమీ పోదు. తర్వాత యాప్, టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. నెట్‌ఫ్లిక్స్‌లో యూఐ-800-3 వస్తే పరికరంలో దాచిన సమాచారం పాతబడిందని అర్థం. అప్పుడు లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. యాప్ డేటా తుడిస్తే లాగిన్, డౌన్‌లోడ్లు రెండూ పోతాయి కాబట్టి పాస్‌వర్డ్ గుర్తుందని తేల్చుకున్నాకే ఆ పని చేయండి. టీవీలో ఖాళీ స్థలం అడుగంటినా యాప్‌లు మూసుకుపోతుంటాయి, వాడనివి తీసేయండి. ఇవన్నీ అయ్యాక, అదే పరికరం గురించి ఇంకెవరూ ఫిర్యాదు చేయడం లేదని తేలాకే ఫ్యాక్టరీ రీసెట్.

## కస్టమర్ కేర్‌కు ఎలా రాయాలి

ముందు ఒక జాగ్రత్త. ఎర్రర్ కోడ్‌ను సెర్చ్‌లో కొడితే పైన కనిపించే ఫోన్ నంబర్లను నమ్మకండి. వాటిలో మోసగాళ్లు కాచుకుని ఉంటారు. యాప్‌లోని ‘హెల్ప్’ నుంచే చాట్ తెరవండి. ఓటీపీ, కార్డు వెనక అంకెలు అడిగినా, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమన్నా అవతలి మనిషి ఆ సంస్థవాడు కాదని తేల్చుకుని మాట్లాడటం ఆపేయండి.

‘మీ యాప్ పనిచేయడం లేదు’ అని రాస్తే రౌటర్ రీస్టార్ట్ చేయమన్న సలహాతో మొదలుపెడతారు. దాని బదులు ఇలా రాయండి:

“నిన్న రాత్రి 9:40కి టీవీ యాప్‌లో ఫలానా సినిమా ప్లే చేస్తే ఈ కోడ్ వచ్చింది, ఫోటో జతచేశాను. అదే అకౌంట్‌తో, అదే వైఫైలో, ఫోన్‌లో ఆడుతోంది. టీవీని హాట్‌స్పాట్‌కు కలిపినా ఇదే ఎర్రర్. అదే టీవీలో వేరే యాప్‌లు బాగానే ఉన్నాయి. తేదీ, సమయం సరిచూశాను. క్యాష్ తుడిచి, యాప్ అప్‌డేట్ చేశాను. టీవీ మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కింద రాశాను.”

ఇలా రాస్తే ఫిర్యాదు మొదటి మెట్టు దగ్గర తిరక్కుండా సాంకేతిక విభాగానికి త్వరగా వెళ్లే అవకాశం ఎక్కువ. ఫిర్యాదు నంబర్ తీసుకోండి. చాట్‌ను సేవ్ చేసుకోండి. లోపం వాళ్ల వైపే అని తేలితే, చూడలేకపోయిన రోజులకు క్రెడిట్ ఇస్తారా అని అదే చాట్‌లో అడగండి.